వైజాగ్ డైవర్‌కి మొదటి డైవ్ కంప్యూటర్: ఎలా ఎంచుకోవాలి

స్కూబా డైవింగ్‌లో మొదటి కోర్సు ముగిసి ఓపెన్ వాటర్ కార్డు చేతికొచ్చిన వారంలోనే చాలామంది ఫోన్‌లో డైవ్ కంప్యూటర్ల ధరలు చూడటం మొదలుపెడతారు. వద్దనను. బీసీడీ (నీళ్లలో తేలడాన్ని అదుపు చేసే జాకెట్), రెగ్యులేటర్ (ట్యాంకు గాలిని నోటికి అందించేది), ట్యాంకు ఏళ్ల తరబడి అద్దెకు తీసుకున్నా ఇబ్బంది లేదు. మాస్కు తర్వాత సొంతంగా ఉండాల్సింది మాత్రం డైవ్ కంప్యూటరే. లోతు, సమయం చూసి ఒంట్లో ఎంత నైట్రోజన్ చేరిందో, నీళ్లలో ఇంకెంతసేపు ఉండొచ్చో లెక్కగట్టే మణికట్టు పరికరం ఇది. పొద్దున మీరు చేసిన డైవ్ లెక్క మధ్యాహ్నం డైవ్‌కి కావాలి. ఈలోగా అద్దె కంప్యూటర్ ఇంకొకరి చేతికి వెళ్లిపోతే ఆ లెక్క తెగిపోతుంది.

అలాగని రంగుల స్క్రీన్ చూసో, ఎర్రసముద్రంలో తీసిన వీడియో చూసో కొనకండి. మన నీళ్లు వేరు. రుషికొండ, మంగమారిపేట, భీమిలి వైపు సముద్రం చాలా రోజులు పచ్చగా, మసగ్గా ఉంటుంది. వానలు పడ్డాక, అలలు ఎక్కువగా ఉన్నప్పుడు అయితే పక్కనున్న బడ్డీ (జతగా దిగే డైవర్) కూడా నీడలాగే కనిపిస్తాడు. అందుకే మొదటి కంప్యూటర్‌కి నేను పెట్టే పరీక్షలు రెండే: ఈ నీళ్లలో అంకె కనిపించాలి, బ్యాటరీ అయిపోతే ఈ ఊళ్లోనే మార్చుకోగలగాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ముందు, ఇప్పుడే కావాలా అన్నది తేల్చుకోండి

ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి పట్టుకుని సరదాగా ఒకసారి దిగి వచ్చేవాళ్లకి కంప్యూటర్ అవసరం లేదు. కోర్సు చేస్తున్నవాళ్లు కోర్సు అయ్యేదాకా ఆగితే మంచిది, ఈలోగా సెంటర్ వాళ్ల దగ్గరున్న రెండు మూడు రకాలు చేతికి పెట్టుకుని చూసే అవకాశం దొరుకుతుంది. రెండేళ్లకోసారి అండమాన్ వెళ్లి నాలుగు డైవ్‌లు చేసి వచ్చేవాళ్లకి అద్దె చాలు. సీజన్‌లో సెలవు దొరికినప్పుడల్లా రుషికొండ బోటు ఎక్కే రకమైతే కొనుక్కోండి.

ఇక్కడ ఒక సందేహం వస్తుంది. వైజాగ్‌లో కొత్తవాళ్లు చేసే డైవ్‌లు లోతు తక్కువ కదా, దీనికి కంప్యూటర్ ఎందుకని. నైట్రోజన్ పరిమితి (ఒంట్లో చేరిన నైట్రోజన్ పైకి వచ్చేటప్పుడు బుడగలు కట్టకుండా నీళ్లలో ఉండగలిగే సమయం) వరకే చూస్తే ఈ మాటలో నిజముంది. ప్యాడీ అనే డైవింగ్ శిక్షణ సంస్థ పట్టిక ప్రకారం 12 మీటర్ల దగ్గర మొదటి డైవ్‌కి 147 నిమిషాల దాకా ఉండొచ్చు. అంతసేపు ఉందామన్నా ట్యాంకులో గాలి సరిపోదు.

కానీ మన నీళ్లలో కంప్యూటర్ అక్కరకొచ్చేది పైకి వచ్చేటప్పుడు. చుట్టూ ఒకటే పచ్చదనం, కింద నేల కనిపించదు, పైన పడవ కనిపించదు. అలాంటప్పుడు మీరు పైకి తేలుతున్నారో కిందికి దిగుతున్నారో ఒంటికి తెలియదు. పైగా లోతు తక్కువైనంత మాత్రాన ప్రమాదం తక్కువ కాదు. 10 మీటర్ల దగ్గర 2 బార్ ఒత్తిడి ఉంటే నీటి మట్టం దగ్గర 1 బార్. అంటే ఆ చివరి 10 మీటర్లలోనే ఒత్తిడి సగానికి పడిపోతుంది, ఊపిరితిత్తుల్లో గాలి రెండింతలవుతుంది. శ్వాస బిగబట్టి వేగంగా పైకి వస్తే ఎక్కువ దెబ్బ తగిలేది అక్కడే. "వేగం తగ్గించు" అని చేతి మీద పీప్‌మని అరిచే పరికరం విలువ అప్పుడు తెలుస్తుంది.

అంకెల అర్థం తెలిశాకే అంగడికి వెళ్లండి

నైట్రోజన్ లెక్క కోసం కంప్యూటర్ కొలిచేవి రెండే, నీటి ఒత్తిడి, సమయం. ఒత్తిడి నుంచి లోతు కడుతుంది. ఆ లోతులో మీరు ఎంతసేపున్నారో చూసి ఒంట్లోకి ఎంత నైట్రోజన్ చేరి ఉంటుందో అంచనా వేస్తుంది. నిజంగా మీ రక్తంలో ఏముందో దానికి తెలియదు. రాత్రి నిద్ర లేకపోయినా, నీళ్లు తాగకపోయినా, ముందురోజు పార్టీ చేసుకున్నా దానికి అందరూ ఒకటే.

ఆ అంచనా ఎలా వేస్తుందో కొంచెం చెప్పాలి. పెసరపప్పు గంటలో నానుతుంది, శనగలు నానాలంటే రాత్రంతా పడుతుంది. ఒంట్లో భాగాలూ అంతే, రక్తం లాంటివి నైట్రోజన్‌ని త్వరగా పీల్చి త్వరగా వదిలేస్తాయి, కొవ్వు లాంటివి నెమ్మదిగా. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో ఆల్బర్ట్ బ్యూల్‌మాన్ రూపొందించిన లెక్కలో ఇలాంటి ఊహాజనిత భాగాలు 16 ఉంటాయి. వాటిలో అతి వేగంగా నిండేదానికి 4 నిమిషాల అర్ధకాలం (సగం నిండటానికి పట్టే సమయం), అతి నెమ్మదైనదానికి 635 నిమిషాలు. ఈ రోజు పొద్దున చేసిన డైవ్ ప్రభావం సాయంత్రానికీ ఎందుకు మిగులుతుందో ఈ రెండో అంకె చూస్తే అర్థమవుతుంది.

స్క్రీన్ మీద మీకు కావాల్సినవి నాలుగు: ఇప్పుడున్న లోతు, గడిచిన సమయం, ఇంకా ఎన్ని నిమిషాలు ఉండొచ్చో చెప్పే నో-డెకో టైమ్, పైకి వస్తున్న వేగం. గరిష్ఠ లోతు, ఉష్ణోగ్రత కూడా చూపిస్తాయి, అవి డైవ్ అయ్యాక లాగ్‌బుక్‌లో రాసుకోవడానికి. ఉష్ణోగ్రత సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మార్చి, ఏప్రిల్‌లలో ఎండ మండుతున్నా నీళ్లు అనుకున్నదానికంటే చల్లగా తగలొచ్చు. మన తీరంలో ఆ నెలల్లో అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త లాఫాండ్ దీన్ని ఇక్కడే అధ్యయనం చేశారు. రెండు సీజన్లు లాగ్ చేస్తే మీ కంప్యూటర్లోనూ ఆ తేడా కనిపించవచ్చు.

స్క్రీన్ పరీక్ష

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పని, కాబట్టి తీరిగ్గా చేయండి. కొనాలనుకున్న మోడల్ ఉన్న మనిషిని వెతకండి. ఇన్‌స్ట్రక్టర్‌నే అడగండి: "సార్, ఒక డైవ్‌కి మీ కంప్యూటర్ నా చేతికి పెట్టుకోనా? పొద్దున మొదటి డైవ్‌కే, ముందురోజు దీంతో ఎవరూ దిగనప్పుడు." ఆ చివరి షరతు మర్చిపోవద్దు. ఆయన నిన్నటి నైట్రోజన్ లెక్క దానిలో ఉంటే మీకు తప్పు అంకెలు చూపిస్తుంది, మీ డైవ్ ఆయన లెక్కని పాడుచేస్తుంది. ఆ రోజు ఆయన చేతికి ఇంకొకటి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

అది కుదరకపోతే ఇంట్లోనే ఒక పని చేయొచ్చు. గదిలో లైట్లు ఆపేసి, కర్టెన్లు వేసి, మాస్కు పెట్టుకుని, చెయ్యి పూర్తిగా చాపి చూడండి. ఒక్క చూపులో లోతు ఏదో, నో-డెకో టైమ్ ఏదో విడిగా తెలియాలి. వెతుక్కోవాల్సి వస్తే ఆ మోడల్ మీది కాదు. నీళ్లలో వస్తువులు సుమారు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి కొంచెం సాయం ఉంటుంది గానీ, బురద ఆ సాయాన్ని మింగేస్తుంది.

నలభై దాటినవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. చత్వారం ఉంటే వాచీ సైజు కంప్యూటర్ జోలికి పోవద్దు. బీచ్‌రోడ్డు మీద పెట్టుకుని తిరగడానికి బాగుంటుంది, నీళ్లలో అంకెలు చీమల్లా పాకుతాయి. గుండ్రంగానో చతురస్రంగానో లావుగా, మొరటుగా ఉండే మణికట్టు మోడళ్లే నయం. మోటు అంకెలున్న పాత తరహా నలుపు-తెలుపు స్క్రీన్‌కి మంచి బ్యాక్‌లైట్ ఉంటే చాలు. రంగుల స్క్రీన్ మసక నీళ్లలో ఇంకా బాగా కనిపిస్తుంది, కాకపోతే ధరా, ఛార్జింగ్ గొడవా రెండూ దానితోపాటే వస్తాయి.

బ్యాక్‌లైట్ ఎంతసేపు వెలుగుతుందో కూడా చూడండి. నొక్కిన నాలుగైదు సెకన్లకే ఆరిపోయేదయితే సేఫ్టీ స్టాప్‌లో, అంటే పైకి వచ్చేముందు 5 మీటర్ల దగ్గర ఆగినప్పుడు, మూడు నిమిషాలూ బటన్ నొక్కుతూ కూర్చోవాలి. కొన్నిటిలో ఆ సమయాన్ని సెట్టింగుల్లో పెంచుకోవచ్చు.

బటన్లు

ఒకే బటన్ ఉన్నవి నేర్చుకోవడం తేలిక, కానీ మెనూలో ఒకటి దాటేస్తే మళ్లీ మొత్తం తిరిగి రావాలి. నాలుగు బటన్లున్నవాటిలో ముందుకీ వెనక్కీ వెళ్లొచ్చు, ఏ బటన్ ఏం చేస్తుందో గుర్తుండాలంతే. పరీక్ష ఇలా పెట్టుకోండి: పుస్తకం చూడకుండా సెట్టింగుల్లో గాలిని 21 శాతం ఆక్సిజన్ నుంచి 32 శాతం నైట్రాక్స్‌కి (ఆక్సిజన్ ఎక్కువున్న గాలి) మార్చండి, మళ్లీ 21కి తీసుకురండి. రెండు మూడు ప్రయత్నాల్లో రాకపోతే పడవ మీద, అలల్లో, కడుపులో తిప్పుతుండగా అసలు రాదు.

ఏవి ఉండాలి, ఏవి వదిలేయాలి

ఉండాల్సినవి: వేగంగా పైకి వస్తే శబ్దంతో హెచ్చరిక, సేఫ్టీ స్టాప్‌కి దానంతటదే మొదలయ్యే కౌంట్‌డౌన్, నైట్రాక్స్ మోడ్, ఉప్పునీరు-మంచినీరు ఎంపిక, కొన్ని డైవ్‌లు దాచుకునే లాగ్. నైట్రాక్స్ ఇప్పుడు మీకు అవసరం లేకపోవచ్చు. కానీ అండమాన్‌లో ఎవరో ఒకరు ఆ కోర్సు చేయిస్తారు, అప్పుడు దానికోసం ఇంకో కంప్యూటర్ కొనడం దండగ. ఇప్పుడొస్తున్న చవక మోడళ్లలోనూ ఇది దాదాపు ఉంటుంది.

వదిలేయగలిగేవాటిలో మొదటిది ట్యాంకు గాలిని వైర్‌లెస్‌గా చూపించే ఏర్పాటు. దీనికోసం రెగ్యులేటర్ ఫస్ట్ స్టేజ్‌కి (ట్యాంకుకి బిగించే భాగం) ఒక ట్రాన్స్‌మిటర్ బిగించాలి. మీది అద్దె రెగ్యులేటర్ అయితే ప్రతిసారీ దాన్ని విప్పడం, బిగించడం ఎవరికి ఓపిక? మామూలు ప్రెషర్ గేజ్ చాలు. ట్రైమిక్స్ (లోతైన డైవ్‌లకి వాడే హీలియం కలిసిన గ్యాస్), అయిదారు గ్యాసుల మోడ్, జీపీఎస్ ఇవేవీ 18 మీటర్ల పరిమితి ఉన్న ఓపెన్ వాటర్ డైవర్‌కి పనికిరావు. లోపలే దిక్సూచి ఉంటే మసక నీళ్లలో మంచిదే, దానికోసమే పై మోడల్‌కి వెళ్లాల్సినంత కాదు. విడిగా అమ్మే దిక్సూచి తక్కువలో వస్తుంది, బ్యాటరీ కూడా అడగదు.

మనది నేవీ ఊరు. ప్రతి కుటుంబంలోనూ నేవీలో ఉన్న బావో బాబాయో ఒకరుంటారు, వాళ్ల సలహా తప్పకుండా వస్తుంది. గౌరవంగా వినండి, కానీ వాళ్ల పని వేరు. 2025 జూలైలో ఇక్కడే నేవీలో చేరిన ఐఎన్ఎస్ నిస్తార్ 300 మీటర్ల దాకా శాచురేషన్ డైవింగ్ (రోజుల తరబడి ఒత్తిడిలోనే ఉండి చేసే డైవింగ్) చేయించగల నౌక. ఆ ప్రపంచపు పరికరాలకీ రుషికొండ ఆదివారం డైవ్‌కీ పోలిక లేదు.

లెక్క పద్ధతి గురించి ఎంత పట్టించుకోవాలి

తక్కువే. బ్యూల్‌మాన్ లెక్క వాడేవి కొన్ని, ఆర్‌జీబీఎం అనే లెక్క వాడేవి కొన్ని. సూంటో, క్రెస్సీ కంపెనీల మోడళ్లకి జాగ్రత్త ఎక్కువ, సమయం తక్కువ ఇస్తాయన్న పేరుంది. కొత్తవాళ్లకి అది లోపం కాదు. మన దగ్గర తేడా తెలియనే తెలియదు. అండమాన్‌లో రోజుకి మూడో డైవ్‌లో మీది 20 నిమిషాలు చూపిస్తుంటే బడ్డీది 28 చూపించొచ్చు. అప్పుడు ఇద్దరూ తక్కువ చూపించినదాని మాటే వినాలి. ఒకరి కంప్యూటర్ మీద ఇద్దరు డైవ్ చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు, ఇద్దరూ సరిగ్గా ఒకే లోతులో ఉండరు కదా.

దాదాపు అన్నిటిలో జాగ్రత్త స్థాయిని పెంచే సెట్టింగ్ ఉంటుంది. వయసు ఎక్కువైనా, బరువు ఎక్కువైనా, వ్యాయామం లేకపోయినా ఒక మెట్టు పెంచుకోండి. అలాగే పరిమితి మీరి, చెప్పిన డెకో స్టాప్‌లు (నైట్రోజన్ వదిలేందుకు దారిలో ఆగడం) చేయకుండా పైకి వస్తే చాలా కంప్యూటర్లు 24 లేదా 48 గంటలు డైవ్ లెక్క ఇవ్వకుండా తాళం వేసుకుంటాయని తెలిసి ఉండండి. సెలవులన్నీ పెట్టుకుని వెళ్లిన ట్రిప్‌లో అది జరిగితే ఏడుపే.

బ్యాటరీ

కొనేముందు ఒకే ప్రశ్న అడగండి: బ్యాటరీ నేను మార్చుకోవచ్చా, కంపెనీకి పంపాలా? పంపాలంటే ఆ మోడల్ వదిలేయండి. ఎంత మంచిదైనా సరే. సీజన్ మధ్యలో ఇంకో నగరానికి కొరియర్ చేసి, అది తిరిగొచ్చేసరికి సముద్రం మారిపోతుంది.

క్రెస్సీ లియొనార్డోకి సీఆర్2430, సూంటో జూప్ నోవో, మారెస్ పక్ ప్రోలకి సీఆర్2450 రకం బిళ్ల బ్యాటరీ పడుతుంది. వీధి చివర షాపులో దొరికే సీఆర్2032 వీటికి సరిపోదు. జగదాంబ జంక్షన్, డాబాగార్డెన్స్ వైపు వాచీ, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో అడిగి, పేరున్న కంపెనీవి రెండు కొని పెట్టుకోండి. మార్చేటప్పుడు మూత దగ్గరుండే రబ్బరు ఓ-రింగ్ మీద వెంట్రుక గానీ ఇసుక రేణువు గానీ ఉండకూడదు. దానికి సిలికాన్ గ్రీజే రాయాలి, వాజిలీన్ రాస్తే రబ్బరు చెడుతుంది. వాచీ షాపు అబ్బాయి "ఇలా ఇవ్వండి, నేను మార్చేస్తా" అన్నా ఇవ్వొద్దు. బ్యాటరీ కొనుక్కుని ఇంటికొచ్చేయండి.

ఛార్జింగ్‌వి, అంటే షియర్‌వాటర్ పెరెగ్రిన్ లాంటివి, ఫోన్‌లాగే ముందురోజు రాత్రి ఛార్జ్ చేసుకుంటే సరిపోతుంది. అయిదారేళ్లకి లోపలి బ్యాటరీ బలహీనపడుతుంది, అప్పటి ఖర్చు గుర్తుంచుకోండి.

డబ్బు, ఎక్కడ కొనాలి

లియొనార్డో, జూప్, పక్ తరగతి మోడళ్లు మన దేశంలో అటూఇటూగా రూ.20,000 నుంచి రూ.35,000 మధ్య తిరుగుతుంటాయి. రంగుల స్క్రీన్ కావాలంటే దానికి రెట్టింపు. రోజూ పెట్టుకునే వాచీతోనే డైవ్ కూడా చేయాలనుకుంటే గార్మిన్ డిసెంట్ జీ1, యాపిల్ వాచ్ అల్ట్రా ఉన్నాయి. అల్ట్రా 2022లో మన దేశంలో రూ.89,900కి వచ్చింది. 40 మీటర్ల దాకా పనిచేస్తుంది, అయితే దానిలో డైవింగ్ యాప్‌కి పూర్తి సదుపాయాలు కావాలంటే విడిగా చందా కట్టాలి. ఇప్పటికే ఆ వాచీ ఉన్నవాళ్లు వాడుకోవచ్చు. డైవింగ్ కోసమే కొనమని మాత్రం నేను చెప్పను. ఆ డబ్బుకి లియొనార్డో తరగతి కంప్యూటరూ వస్తుంది, దాంతోపాటు ఒక అండమాన్ ట్రిప్పూ అయిపోతుంది.

మీరు కోర్సు చేసిన సెంటర్‌నే ముందు అడగండి. కొంచెం ఎక్కువైనా, సెట్టింగులు చేసి నేర్పించే మనిషి దగ్గరుంటాడు. దుబాయ్‌లో ఉన్న తమ్ముడి చేతో, అమెరికా నుంచి వచ్చే అక్కాబావల చేతో తెప్పించుకుంటే బిల్లు తప్పక తెమ్మనండి. ఆ వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కొనకముందే కంపెనీ సైట్‌లో చూసుకోండి.

సెకండ్ హ్యాండ్ తప్పేం కాదు. బ్యాటరీ మూత విప్పి చూడండి, పచ్చటి తుప్పు కనిపిస్తే వద్దనండి. లాగ్ తెరిచి చివరి డైవ్‌ల లోతులు నమ్మేలా ఉన్నాయో లేదో చూడండి. గట్టున ఉన్నప్పుడు లోతు సున్నా చూపించాలి. ఆపై ఒక డైవ్‌లో ఇన్‌స్ట్రక్టర్ కంప్యూటర్ పక్కన పెట్టి పోల్చండి. ఉప్పునీరు-మంచినీరు సెట్టింగ్ వేరుగా ఉంటే మూడు శాతం దాకా తేడా మామూలే, అంతకు మించితే అనుమానించాలి.

చేతికొచ్చాక

తేదీ, సమయం పెట్టండి. కొలతలు మీటర్లలో, సెల్సియస్‌లో ఉన్నాయో చూడండి, అమెరికా నుంచి వచ్చినవి అడుగుల్లో ఉండొచ్చు. నీరు ఉప్పునీరు, గాలి 21 శాతం. ఇవన్నీ ఇంట్లోనే చేసుకోండి, పడవ మీద కాదు. వీలైతే మొదట స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్లండి. ఒక మీటరో ఒకటిన్నర మీటరో దాటాకగానీ చాలా కంప్యూటర్లు డైవ్ మొదలైనట్టు గుర్తించవు, కాబట్టి నడుం లోతు నీళ్లలో పనిచేయడం లేదని టెన్షన్ పడొద్దు.

సముద్రంలో మొదటి రెండు మూడు డైవ్‌లలో ఒక అలవాటు చేసుకోండి: గేజ్ చూసిన ప్రతిసారీ కంప్యూటర్ కూడా చూడటం. పైకి వచ్చేటప్పుడు వేగం పట్టీ మీదే కన్ను ఉంచండి. శిక్షణ సంస్థల్లో నిమిషానికి 18 మీటర్ల దాకా అనుమతించేవి ఉన్నా, చాలా కంప్యూటర్లు 9, 10 మీటర్లకే అరుస్తాయి. అరిచినదాన్నే నమ్మండి. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాప్‌లో అలలకి ఒకసారి 4, ఒకసారి 6 అని ఊగుతుంటుంది, అది మామూలే. మరీ పైకి వెళ్తే మాత్రం కౌంట్‌డౌన్ ఆగుతుంది. తిరిగి దిగితే మళ్లీ నడుస్తుంది.

డైవ్ అయ్యాక మంచినీళ్లలో కాసేపు నానబెట్టి, నీడలో ఆరబెట్టండి. ఎండలో పడవ బల్ల మీద వదిలేయొద్దు.

అరకు ప్లాన్ ఉంటే

మన ఊరి డైవర్లు విమానం సంగతి గుర్తుంచుకుంటారు, అరకు సంగతి మర్చిపోతారు. డైవ్ తర్వాత ఎత్తుకి వెళ్తే బయట ఒత్తిడి తగ్గి ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టొచ్చు, అది విమానమైనా ఘాట్ రోడ్డైనా ఒకటే. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అనే డైవింగ్ భద్రతా సంస్థ సూచన ప్రకారం ఒక్క డైవ్ చేస్తే 12 గంటలు, ఒకటికి మించి డైవ్‌లు గానీ వరుసగా కొన్ని రోజులు గానీ చేస్తే 18 గంటలు ఆగాలి. ఈ సూచన సుమారు 600 నుంచి 2,400 మీటర్ల ఎత్తుకి సమానమైన ఒత్తిడికి వర్తిస్తుంది. అరకు 900 మీటర్లపైనే ఉంది, దారిలో ఘాట్ అంతకంటే ఎత్తు ఎక్కుతుంది. శనివారం మధ్యాహ్నం మూడింటికి రెండో డైవ్ ముగించి ఆదివారం తెల్లారి కిరండూల్ రైలెక్కితే 18 గంటలు నిండేలోపే కొండ ఎక్కుతుంటారు. చుట్టాలొచ్చి రెండూ చూపించాలంటే శనివారం అరకు, ఆదివారం డైవ్ పెట్టుకోండి. కైలాసగిరికి ఈ లెక్క అక్కర్లేదు.

కంప్యూటర్లో ఎగరకూడని సమయం గడియారంలా తగ్గుతూ కనిపిస్తుంది. దానికీ పై సూచనకీ తేడా ఉంటే, ఏది ఎక్కువైతే అదే పాటించండి.

నీళ్లలో ఉండగా స్క్రీన్ ఆరిపోతే

ఎంత చూసి కొన్నా ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. బడ్డీకి చూపించి, ఇద్దరూ డైవ్ ముగించండి. నెమ్మదిగా, మీ చిన్న బుడగలకంటే నెమ్మదిగా పైకి రండి. 5 మీటర్ల దగ్గర బడ్డీ కంప్యూటర్ చూసి మూడు నిమిషాలు తక్కువ కాకుండా ఆగండి, గాలి ఉంటే ఇంకాసేపు ఉండండి. పైకి వచ్చాక ఇంకొకరి కంప్యూటర్ అడిగి పెట్టుకుని రెండో డైవ్‌కి దిగొద్దు. దానికి మీ మొదటి డైవ్ తెలియదు. 24 గంటలు ఆగండి. ఈలోగా ఇంటికెళ్లి ఆ రెండో బ్యాటరీ వేసుకోవచ్చు.